విరమణలో రమణ

తల్లీ,

మొన్న ఫోనులో నువ్వు చెప్పిన తగువు రెండు రోజులుగా నా బుర్రలో తిరుగుతూనే ఉంది. బళ్లో చేరి నెల కాలేదు, ఆఖరి పీరియడులో పిల్లలు కుదురుగా కూర్చోవడం లేదని మాటల్లో పేర్లు వెతికే ఆట పెట్టావు. బోర్డు మీద ‘గ్రామం’ అని రాసి, ఇందులో ఎవరున్నారో చెప్పండి అన్నావు. సగం మంది రాముడున్నాడన్నారు, సగం మంది లేడన్నారు. తీర్పు కోసం ఫోను తీసి వెతికితే ఫోను ఉన్నాడంది. ఒక్క కుర్రాడు మాత్రం ‘గ్రా అంటే ఒకటే అక్షరం కదా టీచర్’ అని పట్టు వదల్లేదట. గెలుపు వాడిదే. రేపు బడికి వెళ్లగానే ముందు ఆ మాట అందరి ముందూ వాడితో చెప్పు.

ఫోనును తిట్టకు. దాని లోపల ‘గ్రామం’ గుర్తులు గుర్తులుగా విడిపోయి ఉంటుంది: గ, పొల్లు, ర, దీర్ఘం, మ, సున్న. వరసగా ర, దీర్ఘం, మ కనబడ్డాయి కాబట్టి రామ దొరికాడంటుంది. అలాగే హర్రాజులో రాజును చూపిస్తుంది, భగవద్గీతలో గీతను చూపిస్తుంది. నిజానికి భగవద్గీతలో గీత లేదు. నవ్వకు! భ, గ, వ, ద్గీ, త. గళ్ల నుడికట్టు నింపేవాళ్లు ‘ద్గీ’ని ఒక్క గడిలోనే రాస్తారు. హల్లు, వత్తు, గుణింతం మూడూ కలిసి ఒక్క కాపురం. ఆ కాపురాన్ని విడగొట్టి పేరు లాగకూడదు. ఈ ఒక్క కట్టుబాటు మొదటి రోజే పెడితే నీ క్లాసులో సగం తగువులు తీరతాయి. పిల్లల చేత మాటను గళ్లలో రాయించు, గడికొక అక్షరం. వత్తులతో తంటాలు పడేవాళ్లు కూడా నెల తిరిగేసరికి దారిలో పడతారు. అది మనం పైకి చెప్పాల్సిన పని లేదు.

ఇంగ్లీషు పుస్తకం చూసి ఆట తయారు చేశానన్నావు చూడు, చిక్కు అక్కడే వచ్చింది. వాళ్ల అక్షరాలు ఎవరికి వారే విడిగా నిలబడతాయి. బనానా స్పెల్లింగులో ఆనా అనే అమ్మాయి రెండు చోట్ల కూర్చుని ఉంటుంది. మనకలా కాదు. అచ్చు మాట మొదట్లో దొరలా నిలబడుతుంది. మధ్యలోకి వచ్చిందంటే గుణింతమై హల్లుకు అంటుకుపోతుంది. అందుకే ఉమ, ఉష, ఇందిర, అనిత మన మాటల నడుమ దాక్కోలేరు. దాక్కుంటే మొదట్లోనే, గుమ్మంలో నిలబడ్డట్టు. నిరాశలో ఆశ ఉందని చెవి అంటుంది. గళ్లలో రాస్తే ని, రా, శ. ఆశ ఎక్కడా లేదు! ఇంకో చిత్రం విను. విశ్రాంతిలో శాంతి లేదు, శ్రాం అడ్డుపడుతుంది. అశాంతిలో మాత్రం నిక్షేపంగా ఉంది. రిటైరై ఇంట్లో కూర్చున్నవాడిని, ఆ తీర్పు ఎంత నిజమో నాకు బాగా తెలుసు.

ఆ మాటకొస్తే నాకు ఈ పిచ్చి ముదిరింది కూడా రిటైరైన రోజునే. శాలువా కప్పి, దండ వేసి, ఒకరి తర్వాత ఒకరు మాట్లాడుతున్నారు. వెనక బ్యానరు మీద ‘పదవీ విరమణ’ అని పెద్ద అక్షరాలు. ఏం చెయ్యాలో తోచక దాన్నే చూస్తూ ఉంటే మధ్యలోంచి రమణ కనబడ్డాడు. అతని భుజం మీదే రమ. హెడ్మాస్టరు గారు నా గురించి ఏం చెప్పారో నాకు ఒక్క ముక్క వినబడలేదు.

ఇక మాటల ఎంపిక. సీతాఫలంలో సీత దాక్కోలేదు తల్లీ, నుదుట బొట్టులా కనబడుతూనే ఉంది. విజయవాడలో విజయ కూడా అంతే, కాకపోతే ఆవిడ చాటున జయ ఉంది, అది కొంచెం నయం. మాట వేరు, పేరు వేరు అయి, రెంటికీ ఏ చుట్టరికమూ లేకపోతేనే దాగుడుమూతలు రక్తి కడతాయి. తరాజులో రాజు, రవికలో రవి, కలతలో లత, ఊరి శివారులో శివా. వరంగల్ అని రోజూ అంటాం, అందులో రంగ ఉన్నాడని ఎవరికి తడుతుంది? ఓరుగల్లు అంటే మాయమైపోతాడు. పాఠం చెప్పకుండానే ఆ ఊరి పాత పేరు కూడా పిల్లల నోట పలికించవచ్చు.

శివా దగ్గర నీకు అనుమానం వచ్చి ఉంటుంది, పేరు శివ కదా, దీర్ఘం ఎక్కడిదని. పిలిచేటప్పుడు మనం దీర్ఘం తీస్తాం కదా. రమను రమా అంటాం, దీపను దీపా అంటాం. కాబట్టి రూపాయిలో రూపా, గంగాళంలో గంగా, దీపావళిలో దీపా చెల్లుతారు. కొత్తిమీరలో మాత్రం మీరా సగమే ఉంది. ‘కొత్తిమీరా, కరివేపాకూ ఇవ్వు’ అని బేరమాడినప్పుడు నిండుగా బయటికొస్తుంది. గంగాళం అంటే ఏమిటని పిల్లలు అడుగుతారు. మన పెరట్లో బోర్లించి ఉన్నదాన్ని ఫొటో తీసి పంపిస్తాను, చూపించు.

నాకు అన్నిటికన్నా ముద్దొచ్చేవి విభక్తి తగలగానే పుట్టుకొచ్చే మనుషులు. ‘అనుభవం’లో అను ఒక్కతే ఉంది. ‘అనుభవానికి’ అను, భవాని వచ్చి పక్కన కూర్చుంటుంది. నివాసి ఒక్కడైతే ఎవరూ లేరు, నివాసులు అయ్యారంటే వాసు ఉన్నాడు. సంసారం ఒకటైతే ఖాళీ, సంసారాలు అంటే సారా అనే అమ్మాయి దొరుకుతుంది. బహువచనమూ విభక్తీ నేను బెత్తం పట్టుకుని చెప్పిన రోజులున్నాయి. అప్పుడు ఈ ఆటను పాఠానికి వాడుకోవాలని తట్టి ఉంటే బెత్తం కొనే పని తప్పేది.

రెండు మాటల సందులో దాచడం ఇంకో మెట్టు. మీ నానమ్మ ఓసారి వంటింట్లోంచి ‘కూర మాడింది, పాల తపేలా దించండి’ అని కేక పెట్టింది. నేను లేవలేదు. కూర మాడిన చోట రమా, పాల తపేలాలో లత కనబడితే కాగితం వెతుక్కుంటున్నాను. పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. ఆ పూట ఉలవచారే గతి. మీ నానమ్మ వడ్డిస్తూ, ‘ఇందులో కూడా ఎవరైనా ఉన్నారా?’ అంది ఎత్తిపొడుపుగా. ఉన్నారన్నాను, లవుడూ, చారు అనే అమ్మాయీ. మరి కుశుడో అంది. ఆ రాత్రి మీ నాన్నకు ఉత్తరం రాయబోతే మొదటి మాటలోనే దొరికాడు, ‘కుశలం’లో. లవకుశులను ఇద్దరినీ ఒక్క రోజులో పట్టుకున్నాం మేమిద్దరం.

ఇదంతా ముసలాడి కాలక్షేపం అనుకోకు. మనవాళ్లు 64 కళల లెక్కలో ప్రహేళికను చేర్చారు. తిరుపతి వేంకట కవులు ఊరూరా తిరిగి అవధానాలు చేసి జనాన్ని ఉర్రూతలూగించారు. ఆ అవధానంలో దత్తపది అని ఒక అంశం ఉంది. అడిగేవాడు నాలుగు మాటలిస్తాడు, అవధాని వాటిని పద్యంలో ఇమడ్చాలి. తెలివైనవాడు ఆ మాటను ఇంకో మాట కడుపులో దాచేసి, అర్థమే మార్చేసి కూర్చుంటాడు. నువ్వు ఆఖరి పీరియడులో ఆడిస్తున్నది దాని చిన్న చెల్లెల్నే.

ఇప్పుడొక మాట, ఇది కాస్త నెమ్మదిగా చదువు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఊరికే సరదాకి, లైబ్రరీ గోడ మీదున్న ‘అపరాధ రుసుము’ అన్న మాటను నల్లబల్ల మీద రాసి ఇందులో ఎవరున్నారని అడిగాను. క్లాసంతా ఒక్క గొంతుతో రాధ అని అరిచింది. ఆ పేరు పిల్ల రెండో బెంచీలోనే ఉంది. మొదట అదీ నవ్వింది. సాయంత్రానికి దాని పేరు అపరాధ అయింది, వారం తిరిగేసరికి రుసుము అయింది. పదో తరగతి అయ్యేదాకా ఆ పేరు దాన్ని వదల్లేదు. ‘ఆరాధన’ అని రాసి ఉంటే సరిపోయేది తల్లీ. అందులోనూ అవే రెండు అక్షరాలు. నాకు తట్టలేదు. తట్టిన రోజుకి ఆ పిల్ల ఊళ్లో లేదు.

అందుకని హాజరుపట్టీ ఇంటికి తెచ్చుకో. ఒక్కొక్క పేరు ముందు పెట్టుకుని, దాన్ని ఏ మాటలో దాస్తే ఆ బిడ్డ ఇంటికెళ్లి అమ్మకు చెప్పుకుంటుందో ఆ మాటే రాసుకో. రమ ఉంటే మరమనిషి జోలికి పోకు, పరమాన్నం పెట్టు. వెక్కిరింతకు వీలున్న మాటలు పిల్లలే తెస్తారు, తేకుండా ఉండరు. నువ్వు మాత్రం వాటిని బోర్డు దాకా రానివ్వకు.

కొన్ని పేర్లు ఎక్కడా దాగవు. ఈ కాలం పిల్లలకు ఆర్యన్, సాత్విక్ లాంటి పొల్లు పేర్లు. మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి, పొల్లుకు చోటివ్వవు. పైగా ఆర్యన్ మొదట్లో అచ్చు ఒకటి. అటువంటి పిల్లలు వాళ్ల పేరు ఎప్పుడొస్తుందా అని చూస్తూ కూర్చుంటారు, అది గమనించు. వాళ్ల కోసం అవధానంలోంచే ఇంకోటి తీసుకో, వ్యస్తాక్షరి. ఒక వాక్యంలోని అక్షరాలను వరస తప్పించి, ఎన్నోదో నంబరు చెప్పి ఒక్కొక్కటే అందిస్తారు. అవధాని ఆఖరున వాక్యం మొత్తం అప్పజెబుతాడు. నువ్వు ఇంటిపేరుతో సహా ఆ పిల్లవాడి పేరును అలా విడగొట్టి, పీరియడు పొడుగునా మధ్యమధ్య ఒక్కో అక్షరం విసురు. గంట కొట్టే ముందు ఎవరో ఒకరు కనిపెట్టి గట్టిగా పేరు పిలుస్తారు. ఆ క్షణంలో వాడి మొహం చూడు.

జవాబులు మాత్రం వెంటనే చెప్పెయ్యకు. ఒక రాత్రి నిద్ర పోనీ. నాకు తెలిసిన పిల్లలు అన్నం తింటూ, బస్సు ఎక్కుతూ దొరకబుచ్చుకున్నవాళ్లే ఎక్కువ.

నీకూ నాలుగు ఇస్తున్నాను. వాణిజ్యం, ప్రహరీ, రాజీనామా. మూడూ తేలికే. నాలుగోది మంగళగిరి, అందులో కనీసం ఇద్దరున్నారు. ఆదివారం వచ్చేటప్పుడు పిల్లలు రాసిన కాగితాలు సంచీలో పెట్టుకుని తీసుకురా. నువ్వు విప్పినవి ఉంటే నాకు ముందే చెప్పకు, నన్నూ కాసేపు వెతుక్కోనీ.

మీ తాతయ్య