పిరికితనం అహింస కాదు

 

పొద్దున లేచి ‘పాణాతిపాతా వేరమణి’ అంటూ ప్రాణహింసకు దూరంగా ఉంటానని తనకు తాను మాట ఇచ్చుకునే మనిషి, సాయంత్రం పోయి యుద్ధవిద్య నేర్చుకోవచ్చా? నేను ఎల్బీనగర్‌లో ఐకిడో సాధన చేస్తానని తెలిసిన మన ఉపాసకులు చాలామంది ఇదే అడుగుతారు. దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉండి గ్రూప్స్ కోచింగ్ తీసుకుంటున్న ఒక చెల్లె సూటిగానే అడిగింది: “అన్నా, ఒక దిక్కు శీలం అంటవు, ఇంకో దిక్కు కొట్లాట నేర్చుకుంటవు. ఇదేం లెక్క?” ప్రశ్న న్యాయమైనదే. దాటవేయకుండా జవాబు వెతుకుదాం.

ముందు ఐకిడో ఏమిటో చూద్దాం. జపాన్‌లో మొరిహేయ్ ఉయెషిబా (1883–1969) రూపొందించిన విద్య ఇది. ‘ఐ’ అంటే కలయిక, ‘కి’ అంటే ప్రాణశక్తి, ‘దో’ అంటే మార్గం. దీని ప్రధాన సంప్రదాయంలో పోటీలు లేవు, పతకాలు లేవు. మీదికి వచ్చేవాడి దెబ్బ దారిలోంచి పక్కకు తప్పుకొని, వాడి ఊపునే మళ్ళించి వాడిని నేలకు దించి ఆపుతారు. కొత్తగా చేరినవారికి మొదట నేర్పేది పడటం. చేయి, భుజం, వీపు మీదుగా గుండ్రంగా దొర్లి, దెబ్బ తగలకుండా లేచి నిలబడటం.

సాధన జంటలుగా సాగుతుంది. ఒకరు నాలుగుసార్లు పడేస్తే, తర్వాతి నాలుగుసార్లు వాళ్ళే పడాలి. ఎంత సీనియర్ అయినా ఇంతే. ఇప్పుడు మన సమాజాన్ని గుర్తుచేసుకోండి. కులవ్యవస్థలో పడేవాడెవడో, పడేసేవాడెవడో పుట్టకముందే తేలిపోయింది. వంతు మారదు. బాబాసాహెబ్ మెట్లు మెట్లుగా కట్టిన అసమానత అన్నది దీన్నే. హింస అంటే ఒక్క దెబ్బ మాత్రమే అనుకుంటున్నామా? వంతు మారకుండా ఒకరినే ఎప్పటికీ కింద ఉంచడం అంతకన్నా పెద్ద హింస.

ఇక శీలం సంగతి. ‘బుద్ధుడు – ఆయన ధమ్మం’ గ్రంథంలో బాబాసాహెబ్ అహింసను నియమంగా కాక సూత్రంగా చూడమన్నారు. నియమం మనిషిని కట్టిపడేస్తుంది. సూత్రం అతని బుద్ధికి పని చెబుతుంది. చంపాలనే కోరిక వేరు, తప్పనిసరి అవసరం వేరు అని ఆయన విడదీసి చూపారు. అంటే మనం చూడాల్సింది చేయి లేచిందా లేదా అని మాత్రమే కాదు, ఆ చేయి వెనక ద్వేషం ఉందా, రక్షణ ఉందా అని కూడా.

కారంచేడు చూడండి. 1985 జూలై 16న మాదిగపల్లె తాగునీటి చెరువును మురికి చేస్తున్న భూస్వాముల పిల్లలను కత్తి చంద్రయ్య అడ్డుకున్నాడు. అతన్ని కొడుతుంటే నీళ్ళకు వచ్చిన మున్నంగి సువార్త అడ్డం వెళ్ళింది. తన మీదికి వచ్చిన దెబ్బకు ఆమె బిందె ఎత్తింది. మరునాడు పల్లె మీద పడి ఆరుగురిని చంపారు. ఆ తల్లి ఎత్తిన బిందెను హింస అంటామా? నేను అనలేను. ఆత్మరక్షణను మన నేరచట్టమూ హక్కుగా ఒప్పుకుంటుంది, అవసరానికి మించి హాని చేయకూడదని హద్దూ పెడుతుంది.

ఒక నిజం దాచకూడదు. గొడ్డళ్ళు పట్టుకొని వచ్చే గుంపును ఐకిడో ఆపలేదు. అక్కడ సంఘం కావాలి, చట్టం కావాలి, పోరాటం కావాలి. మరి ఈ సాధన ఎందుకు? “బాంచెన్, కాల్మొక్త” అని తరతరాలు వంగిన ఒళ్ళు మనది. చెప్పులు చేతపట్టుకొని దొర గడి ముందునుంచి నడిచిన కాళ్ళు మనవి. దీక్ష తీసుకున్న రోజే మనసు మారినా, ఒంట్లోని భయం అంత తొందరగా పోదు. ఎవరైనా గట్టిగా అరిస్తే భుజాలు వాటంతటవే ముడుచుకుంటాయి. ఆ భయాన్ని ఒంటితోనే పోగొట్టాలి. వందసార్లు పడి వందసార్లు లేచిన మనిషికి పడటమంటే భయం తగ్గుతుంది. భయం తగ్గినవాడికే కోపమూ తగ్గుతుంది.

1927 మార్చి 20న మహాడ్‌లో చవ్‌దార్ చెరువు నీళ్ళు తాగాక మనవాళ్ళ మీద దాడి జరిగింది. సభకు వచ్చినవారిలో మాజీ సైనికులూ ఉన్నారు. తిరగబడే బలం ఉంది. అయినా బాబాసాహెబ్ ఆపారు. బలం ఉండి ఆగడం అహింస. బలం లేక ఆగడం నిస్సహాయత. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి, అందుకే మనం మోసపోతాం.

కొన్నేళ్ళ కింద చీటీ పాడి, ఆ డబ్బుతో రెండు వారాలు టోక్యో వెళ్ళి షింజుకులోని హోంబు దోజోలో సాధన చేశాను. పొద్దున ఆరున్నరకే మొదటి తరగతి. జంటగా వచ్చినవారితో మాట కలిసేది కాదు, వంగి నమస్కారం పెట్టి మొదలుపెట్టేవాళ్ళం. దిల్‌సుఖ్‌నగర్‌లో టు-లెట్ బోర్డు చూసి గది అడిగితే “మీరేంట్లు?” అన్నాకే అద్దె మాట. అక్కడ ఆ ప్రశ్న లేదు. ఆ తేలిక ఎట్లా ఉంటుందో మీకు నేను చెప్పనక్కర్లేదు.

అట్లాగని జపాన్‌ను నెత్తిన పెట్టుకోవద్దు. సమురాయ్‌ల కవచాలకు తోలు అందించినవాళ్ళను అంటరానివాళ్ళను చేసిన దేశమది. 1871లో ఆ హోదాను రద్దు చేసినా వివక్ష పోలేదు. 1922 మార్చి 3న ఆ బురాకుమిన్లు క్యోటోలో ‘సుయిహెయిషా’ పేరుతో సంఘం కట్టుకున్నారు. వారిలో చనిపోయినవారికి బౌద్ధాలయాలే కించపరిచే పేర్లు పెట్టి సమాధి రాళ్ళ మీద చెక్కించిన చరిత్ర ఉంది. బౌద్ధం అని పేరుంటే సరిపోదని మనకు ఇంతకన్నా రుజువు ఏం కావాలి? పరాయి దేశం నుంచి విద్య తెచ్చుకుందాం. దాన్ని కాలామ సుత్తం చెప్పినట్టు పరీక్షించి, మేలు చేసేదాన్నే ఉంచుకుందాం.

ఇందుకు అందరూ టోక్యో పోనక్కర్లేదు. మన పల్లెల కర్రసాము ఉంది, బస్తీలో కరాటే నేర్పేవాళ్ళున్నారు. ఆదివారం వందన అయ్యాక పిల్లలకు, ముఖ్యంగా ఆడపిల్లలకు, ఒక గంట కేటాయించండి. పడటం, లేవడం, కళ్ళలోకి చూసి “వద్దు” అని గట్టిగా చెప్పడం నేర్పించండి. చివర్లో మైత్రీ భావన చేయించండి. ఆ గంటలో పడేసే వంతు, పడే వంతు అందరికీ రావాలి, నేర్పేవారితో సహా.

భవతు సబ్బ మంగలం. జై భీమ్!