దీర్ఘసూత్రత - ఆత్మవిశ్వాసం : కౌమార విద్యార్థి నైతిక బాధ్యత

ఆలస్యం నష్టమని తెలిసి కూడా చేయవలసిన పనిని వాయిదా వేయడం దీర్ఘసూత్రత. ఎనిమిది నుంచి పది తరగతుల విద్యార్థుల్లో ఈ లక్షణం కనిపించినప్పుడు పెద్దలు దానికి సాధారణంగా పెట్టే పేరు సోమరితనం. అది వివరణ కంటే తీర్పుకే దగ్గర. ఆ తీర్పులోని న్యాయాన్యాయాలను పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

భగవద్గీత 18వ అధ్యాయం తామసకర్త లక్షణాలను చెబుతూ అలసుడు, విషాది, దీర్ఘసూత్రి అనే పదాలను వేర్వేరుగా పేర్కొంది. సోమరితనం, దీర్ఘసూత్రత ఒకటే అయితే రెండు పదాల అవసరం ఉండదు. పైగా దీర్ఘసూత్రి పక్కన నిలిచిన పదం విషాది. భర్తృహరి శ్లోకానికి ఏనుగు లక్ష్మణకవి చేసిన, తెలుగు విద్యార్థులకు చిరపరిచితమైన అనువాదపద్యంలోనూ పని ప్రారంభించకపోవడానికి కారణం విఘ్నభయమే. అయితే ఆ భయానికి లోనైనవారు అక్కడ అధములుగా లెక్కకు వచ్చారు. కారణాన్ని సరిగా గుర్తించిన సుభాషితమే బాధితుణ్ణి నిందించింది. ఆ నింద పదమూడేళ్ల విద్యార్థికి వర్తిస్తుందా అన్నదే ప్రశ్న.

ఆల్బర్ట్ బందూరా 1977లో ప్రతిపాదించిన స్వీయ సామర్థ్య విశ్వాస సిద్ధాంతం ఇక్కడ ఉపకరిస్తుంది. స్వయంగా సాధించిన అనుభవం, తోటివారి విజయాన్ని చూడడం, ఇతరుల ప్రోత్సాహం, శారీరక మానసిక స్థితి అనే నాలుగింటి నుంచి ఈ విశ్వాసం కలుగుతుంది. వీటిలో మొదటిది బలమైనది. బీజగణితంలో తడబడే విద్యార్థికి వాయిదా తాత్కాలికమైన ఊరట. 'చదవలేదు కనుక రాలేదు' అనుకోవడం 'చదివినా రాలేదు' అనుకోవడం కంటే తక్కువ బాధాకరం. ఆ విధంగా అతడు తన గౌరవాన్ని కాపాడుకుంటాడు. కాని సాధన లేనందున సాధించిన అనుభవమూ దక్కదు. విశ్వాసం మరింత సన్నగిల్లి, మరొక వాయిదాకు దారితీస్తుంది.

ఇందుకు ఒక ఆక్షేపం ఉంది. రాత్రికి రాత్రే చదివేయగలమన్న ధీమాతో వాయిదా వేసేవారూ ఉన్నారు. కనుక విశ్వాసలోపం ఏకైక కారణం కాజాలదు. అనుభవం పునాదిగా లేని ధీమా కూడా ఆలస్యానికే తోడ్పడుతుంది. వట్టి పొగడ్తతో ఆత్మవిశ్వాసం నింపాలనే ప్రయత్నానికి ఉన్న పరిమితి ఇదే.

భయం కారణమైనంత మాత్రాన బాధ్యత తొలగిపోదు, దాని రూపం మారుతుంది. ధైర్యం కలిగేదాకా నిరీక్షించకుండా ఒక్క లెక్కతోనైనా ప్రారంభించడం విద్యార్థి వంతు. ఆ ఒక్క లెక్క అతనికి అందే స్థాయిలో ఉండేటట్లు, అది తప్పినా అవమానం కలగనట్లు చూడడం ఉపాధ్యాయుని వంతు. రెండవ వంతు నెరవేరని తరగతిలో మొదటి వంతు నెరవేరలేదని విద్యార్థిని సోమరిగా నిర్ణయించడం న్యాయం అనిపించుకోదు.