నియ్యత్ మంచిదైతే చాలా?

కృష్ణమ్మ సముద్రంలో కలిసే హంసలదీవికి వెళ్లే దారిలోని ఓ గ్రామానికి మొన్న రమజాన్‌లో ప్రసంగం నిమిత్తం వెళ్లాం. తరావీహ్ నమాజు అయ్యాక ఓ పెద్దాయన మమ్మల్ని ఇంటికి తీసుకెళ్లి ఒక కాగితం చేతిలో పెట్టారు. అది వసియ్యత్‌నామా. తనకున్నదంతా మూడెకరాల మాగాణి. తన తదనంతరం అది పూర్తిగా మసీదుకే చెందాలని రాయించారు. సాక్షిగా మా సంతకం కావాలన్నారు.

1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో ఆయన తల్లినీ, పసివాళ్లయిన ఇద్దరు కొడుకుల్నీ పోగొట్టుకున్నారు. దివిసీమలో వేలాది ప్రాణాలను పొట్టన పెట్టుకున్న రాత్రి అది. తెల్లవారేదాకా తాటిచెట్టును కరచుకుని ఉండి తాను మాత్రం బతికారు. పోయినవాళ్లకు సవాబు చేరాలి, అంతే ఆయన కోరిక. తర్వాత పుట్టిన ఇద్దరు కూతుళ్లున్నారు. చిన్నమ్మాయి భర్త చనిపోయి, పిల్లలతో పుట్టింటికి వచ్చి బట్టలు కుడుతోంది.

"కూతుళ్ల మాటేమిటి చాచా?" అన్నాం.

"వాళ్లకు అల్లాహ్ ఉన్నాడు. నా నియ్యత్ ఆయనకు తెలియదా మౌల్వీ సాబ్?"

దాపరికం ఎందుకు, మేము కలం మూత తీశాం. మసీదు పైకప్పు పెచ్చులూడటం ఆ సాయంత్రమే చూశాం మరి. మా నియ్యత్ కూడా మంచిదే!

కర్మల విలువను సంకల్పంతో ముడిపెట్టిన హదీసు మనలో చిన్నపిల్లలకు కూడా వచ్చు. కానీ దాన్ని మనం తలకిందులుగా వాడుకుంటున్నాం. సంకల్పం చెడితే మంచిపని కూడా వ్యర్థమవుతుందని అది హెచ్చరిస్తోంది. సంకల్పం మంచిదైతే హద్దు దాటవచ్చని అనుమతి ఇవ్వడం లేదు. వడ్డీ సొమ్ముతో మసీదుకు సున్నం వేయించిన వారిని కూడా మేము చూశాం.

హజ్రత్ అబూ బుర్దా (రజి) సంగతి చూడండి. పండుగనాడు ఇంటివాళ్లూ, ఇరుగుపొరుగూ ముందుగా తినాలన్న ఆత్రంతో ఆయన ఈద్ నమాజుకు ముందే గొర్రెను జిబహ్ చేశారు. ఇందులో స్వార్థం ఏముంది? అయినా మహాప్రవక్త (స) దాన్ని ఖుర్బానీగా లెక్కించలేదు, మామూలు మాంసం కిందే జమకట్టారు. మళ్లీ జిబహ్ చేయమన్నారు. ఆయన దగ్గర మిగిలింది ఒక లేత మేకపిల్లే. దాన్ని ఆయన ఒక్కరికే ప్రత్యేకంగా అనుమతించారు. గమనించండి, ఆయన మనసును ఎవరూ శంకించలేదు. ఆ మాంసం హరామ్ కూడా కాలేదు. వేళ ఒక్కటే తప్పింది.

క్రైస్తవ సోదరుల చరిత్రలో కూడా ఇదే ప్రశ్న ఉంది. దైవప్రసన్నత కోసమే కొందరు సన్యాసాన్ని కల్పించుకున్నారని, దాన్ని తాను విధించలేదని, వారు దాన్ని సరిగా పాటించలేకపోయారని అల్లాహ్ సూరహ్ హదీద్‌లో తెలిపాడు. వారి బైబిల్లో సౌలు రాజు కథ ఉంది. శత్రువుల పశువుల్లో దేన్నీ మిగల్చవద్దన్న ఆజ్ఞ ఉండగా, మేలైనవాటిని బలి అర్పించడానికని మిగిల్చారని అతను సమర్థించుకున్నాడు. సమూయేలు ప్రవక్త ఒప్పుకోలేదు, బలికన్నా విధేయతే మేలన్నారు. ఖుర్‌ఆన్‌లో తాలూత్ రాజు ప్రస్తావన ఉంది గానీ ఈ సంఘటన లేదు. కనుక దాన్ని మేము ధ్రువీకరించం, కాదనం. అయితే పొరుగింటివారు చదివే గ్రంథంలో కూడా ఈ ప్రశ్నకు జవాబు ఇలాగే ఉండటం గమనించదగ్గది.

కలం పక్కన పెట్టి, పెద్దాయనకు హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖాస్ (రజి) హదీసు చెప్పాం. ఆయన మక్కాలో తీవ్రంగా జబ్బుపడ్డారు. అప్పటికి వారసురాలు కూతురొక్కతే. ఆస్తిలో మూడింట రెండు వంతులు దానం చేస్తానన్నారు. మహాప్రవక్త (స) వద్దన్నారు. సగం అంటే కూడా వద్దన్నారు. మూడో వంతుకు ఒప్పుకుని, అది కూడా ఎక్కువేనన్నారు. వారసులు పరుల ముందు చేయి చాచేలా వదలడం కన్నా కలిగినవారిగా వదలడం మేలని చెప్పారు. అంతకు మించి రాస్తే, మరణానంతరం వారసులు మనస్ఫూర్తిగా ఒప్పుకుంటే తప్ప చెల్లదు.

"మరి నా కొడుకులకు సవాబు?" అన్నారాయన.

దానికి జవాబు కూడా ఆ హదీసులోనే ఉంది. అల్లాహ్ ప్రసన్నత కోరి భార్య నోటికి అందించే ముద్దకు కూడా పుణ్యం ఉందని మహాప్రవక్త (స) అదే సందర్భంలో సఅద్ (రజి)కు చెప్పారు. కూతుళ్లకు మిగిల్చేది అల్లాహ్‌కు ఎగ్గొట్టినట్లు కాదు చాచా, ఆ వాటా పెట్టింది కూడా ఆయనే అన్నాం. మిగిలిన మూడో వంతు మీ చేతిలో ఉంది, దాన్ని ఇదే నియ్యత్‌తో ఇవ్వండి అన్నాం.

ఆయన ఏమీ అనలేదు. లోపలి గదిలో కుట్టుమిషను చప్పుడు ఎప్పుడో ఆగిపోయింది.

ఫజ్ర్ నమాజు తర్వాత వచ్చి, ఒక ఎకరానికి కొత్తగా రాసిపెట్టమన్నారు. రాసి సంతకం చేశాం. మసీదు పెద్దల్లో ఒకరిద్దరు మాతో ముభావంగా సలాం చెప్పారు. పైకప్పు పని ఇంకా మొదలుకాలేదు.