మేనరికం లెక్క
కెలవరపల్లి, హోసూరు, కృష్ణగిరి వైపు తెలుగిళ్లలో అక్క కూతుర్ని చేసుకోవడం పాత ఆనవాయితీ. మేనమామకూ మేనకోడలికీ సగటున నాలుగో వంతు జన్యువులు ఉమ్మడి. సొంత బావామరదళ్లకు ఎనిమిదో వంతు. తలసీమియా లాంటి జబ్బు జన్యువు ఇద్దరిలోనూ ఒక్కొక్కటి దాగి ఉంటే వాళ్లకు పెద్ద ఇబ్బందేమీ ఉండదు. బిడ్డకు రెండూ చేరే అవకాశం మాత్రం నాలుగింట ఒకటి.

"పెద్దాడికి వచ్చేసింది కదా, మిగతా ముగ్గురికీ భయం లేదులే" అంటుంటారు మనవాళ్లు. అదే చిక్కు! ప్రతి కాన్పుకూ పాచికలు కొత్తగా పడతాయి. అలాంటి జంటకు నలుగురు పుడితే, నలుగురికీ జబ్బు రాకుండా ఉండే అవకాశం నూటికి దాదాపు 32. బఠానీ మొక్కలతో మెండెల్ ఈ వరస పట్టుకుని 1866లోనే అచ్చువేశాడు. జాతకాలు ఎలాగూ చూపిస్తారు. తలసీమియా జన్యువు ఉందో లేదో చెప్పే రక్తపరీక్ష కూడా, ముసలమ్మలు విసుక్కున్నా సరే, లగ్నపత్రికకు ముందే చేయించండి.