దీవి పక్షికి స్వభావం ఉందా?

ఒక దీవిలో తప్ప ప్రపంచంలో మరెక్కడా బతకని పక్షిని స్థానీయ పక్షి అంటారు. అలాంటి పక్షి కోసమే విమానం ఎక్కి వచ్చి, అడవి తెలిసిన గైడును మాట్లాడుకుని, చీకటి విడవకముందే బైనాక్యులర్లు మెడలో వేసుకుని బయలుదేరే యాత్రలు ఇప్పుడు చాలా దేశాల్లో పెద్ద వ్యాపారం. ఈ యాత్ర రెండు నమ్మకాల మీద నిలబడి ఉంది. ఆ పక్షి ఆ దీవి సొత్తు అన్నది మొదటిది. దాన్ని మనం చూసి తెలుసుకున్నాం అన్నది రెండోది. యాత్రికులు ఈ రెండింటినీ ఎన్నడూ ప్రశ్నించరు. అయితే ఏ వస్తువుకైనా తనదంటూ స్వభావం ఉందా, దాన్ని తెలుసుకున్నామనడానికి ప్రమాణం ఏమిటి అన్నవి బౌద్ధ తత్వంలో పాత ప్రశ్నలే. ఆచార్య నాగార్జునుడు మొదటి ప్రశ్నను మూలమధ్యమకకారికలోనూ, రెండోదాన్ని విగ్రహవ్యావర్తనిలోనూ తీసుకుని విచారించాడు. ఆయన కాలం క్రీ.శ. 2, 3 శతాబ్దాలని పండితుల లెక్క. ఆయన పేరు మోస్తున్న నాగార్జునకొండ, నందికొండ దగ్గర కృష్ణ నీళ్ల మధ్య ఇప్పుడు దీవిగా ఉంది.

ఆ కొండ పుట్టుకతో దీవి కాదు. మూడు వైపులా నల్లమల గుట్టలు, నాలుగో వైపు కృష్ణానది ఉన్న లోయలో అది ఒక మామూలు కొండ. క్రీ.శ. 3, 4 శతాబ్దాల్లో ఆ లోయలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి వెలిగింది. 1955 డిసెంబర్ 10న నెహ్రూ నందికొండ వద్ద నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన చేశారు. లోయ మునిగిపోతుందని తెలిసి 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో భారీ తవ్వకాలు జరిగాయి. ముఖ్యమైన కట్టడాలను కొన్నింటిని కొండ మీదికి, కొన్నింటిని ఒడ్డున అనుపుకు తరలించారు. 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. ఆనకట్ట వెనక నీళ్లు నిండాక కొండ దీవి అయింది. నాగార్జునుడు ఇక్కడ నివసించాడనడానికి ఆనాటి శాసనాల్లో ఆధారం లేదు. కొండకు ఆ పేరు తెచ్చింది తర్వాతి కాలపు ఐతిహ్యం. అయినా ఆయన వాదాన్ని పరీక్షించడానికి ఇంతకన్నా తగిన చోటు దొరకదు.

నాగార్జునకొండ దీవిలో స్థానీయ పక్షి ఒక్కటీ లేదు, ఉండే వీలూ లేదు. కొత్త జాతి ఏర్పడటానికి ఎన్నో వేల తరాల ఎడబాటు కావాలి. పైగా పక్షికి ఈ నీరు అడ్డే కాదు. లాంచీ రేవు దగ్గర తీగ మీద కూర్చున్న పాలపిట్ట అనుకుంటే దీవికి, ఒడ్డుకు మధ్య తిరగగలదు. నీటికాకులకు, చేపల కోసం నీటి మీద గాలిలోనే నిలబడి రెక్కలాడించే నలుపు తెలుపు లకుముకి పిట్టకు దీవి, ఒడ్డు అన్న తేడాయే తెలియదు. మనిషి నీళ్లు కట్టి చేసిన దీవుల్లో కొత్త జాతులు పుట్టకపోగా ఉన్నవి పోతాయని పనామా అనుభవం చెబుతోంది. అక్కడ కాలువ కోసం గాటూన్ సరస్సును నింపినప్పుడు బారో కొలరాడో అనే కొండ 1914 నాటికి దీవి అయింది. నీటిని దాటి ఎగరలేని అడవి పక్షులు కొన్ని తర్వాతి దశాబ్దాల్లో అక్కడి నుంచి మాయమయ్యాయి.

నిజమైన దీవి పక్షుల కోసం వెతికితే నాగార్జునకొండ శాసనాలే దారి చూపిస్తాయి. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 14వ పాలనా సంవత్సరంలో బోధిసిరి అనే ఉపాసిక వేయించిన శాసనం తామ్రపర్ణికి చెందిన థేరవాద ఆచార్యులను స్మరిస్తుంది. తామ్రపర్ణి అంటే నేటి శ్రీలంక. ఆ శాసనంలోనే సింహళ విహారం ప్రస్తావనా ఉంది. ఈ లోయకు, ఆ దీవికి మధ్య భిక్షువులు, వర్తకులు తిరిగారన్నమాట. అదే లోయలో బహుశ్రుతీయులు, మహీశాసకులు, అపరమహావినసేలీయులు కూడా విహారాలు కట్టుకుని ఉన్నారు. వస్తువుకు స్వభావం ఉందా లేదా అన్నది ఇలాంటి బౌద్ధ శాఖల మధ్య ఎడతెగని వాదం.

ఆ తామ్రపర్ణి ఇప్పుడు స్థానీయ పక్షుల యాత్రలకు పేరు మోసిన చోటు. అక్కడి అడవికోడి, పొడవాటి తోక ఉన్న నీలిరంగు కాకిజాతి పక్షి, ఆకుపచ్చ ముక్కు జెముడుకాకి ఇంకెక్కడా లేవు. వీటిలో ఎక్కువ భాగం దీవి నైరుతి మూలనున్న తడి అడవుల్లో, ముఖ్యంగా 1988లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన సింహరాజ అడవిలో ఉంటాయి. వీటి ఎడబాటుకు కారణం సముద్రం ఒక్కటే అనుకోవడం పొరపాటు. పాక్ జలసంధి చాలా లోతు తక్కువ నీరు. మంచుయుగంలో సముద్రమట్టం దిగినప్పుడల్లా లంక, భారతదేశం ఒకే నేలగా కలిసిపోయాయి. పడమటి కనుమల తడి అడవికి, సింహరాజకు మధ్య అడ్డుపడ్డది చాలా కాలం పాటు ఎండిన మైదానమే. తడి అడవి పిట్టకు ఆ మెట్ట నేలే సముద్రం. కప్పనోటి పక్షి ఒకటి లంక పేరుతోనే ప్రసిద్ధికెక్కింది, కానీ పడమటి కనుమల్లోనూ అది హాయిగా బతుకుతోంది.

జిట్టకోళ్ల సంగతి మరీ ఆసక్తికరం. ఈ ప్రజాతిలో మూడే జాతులు. ఎర్ర జిట్టకోడి, చుక్కల జిట్టకోడి భారతదేశానివి, మూడోది లంకది. చుక్కల జిట్టకోడి నల్లమల లాంటి ఎండు గుట్టల్లో, బండల సందుల్లో, ముళ్ల తుప్పల్లో ఉంటుంది. పుంజు ఒళ్లంతా ఇటుకరంగు, దాని మీద నల్ల అంచుతో తెల్లటి చుక్కలు, తల ఆకుపచ్చ మెరుపున్న నలుపు. కాలికి ఒకటి కన్నా ఎక్కువ పోటుముళ్లు ఉంటాయి. పెట్టకు ఆ సోకులేవీ లేవు, ముదురు గోధుమ రంగుతో బండలో కలిసిపోతుంది. మనిషి అలికిడి వింటే ఎగరడం కన్నా పరుగెత్తి తుప్పలో దూరడమే వీటికి ఇష్టం. లంక జిట్టకోడి ముఖం, కాళ్లు ఎరుపు. తడి అడవి అడుగున జంటగా తిరుగుతుంది. ఆడ, మగ ఒకదాని పిలుపుకు మరొకటి బదులిస్తూ పైపైకి పోయే ఈల వేస్తాయి. గొంతు తరచూ వినిపిస్తుంది, పక్షి మాత్రం కంటబడదు. ఒకే మూలం నుంచి వచ్చిన ఈ మూడింటిలో ఒకటి లంక స్థానీయమైంది, ఒకటి ఎండు గుట్టలది అయింది. దేని రూపమూ, దేని చోటూ దానికది ఇచ్చుకున్నది కాదు. వాన, బండ, దూరం, కాలం కలిసి ఇచ్చాయి.

నాగార్జునుడి వాదం సరిగ్గా ఇక్కడే తగులుతుంది. స్వభావం అంటే దేనిచేతా చేయబడనిది, మరొకదాని మీద ఆధారపడనిది అని ఆయన నిర్వచనం. అలాంటిది ఏ వస్తువులోనూ దొరకదు, ఎందుకంటే ప్రతిదీ హేతు ప్రత్యయాల వల్లే పుడుతుంది. ఈ ప్రతీత్యసముత్పాదాన్నే ఆయన శూన్యత అన్నాడు. 7వ శతాబ్దపు వ్యాఖ్యాత చంద్రకీర్తి దీనికి నీటి వేడిని ఉదాహరణగా తెచ్చాడు. కాచిన నీటిలో వేడి ఉంది, కానీ అది నిప్పు వల్ల వచ్చింది కాబట్టి నీటి స్వభావం కాదు. స్థానీయతా అంతే. పక్షి ఒంట్లో దాన్ని చూపించలేం. ఈక కోసినా, నెత్తురు పరీక్షించినా దొరికేది వేరే పక్షులతో దానికున్న దగ్గరతనం, దూరం మాత్రమే. మిగతా ప్రపంచంలో ఆ పక్షి లేకపోవడం వల్లే అది స్థానీయం. అంటే దాని గుర్తింపులో సగం అది లేని చోట్లలో ఉంది.

దీనికి, వస్తువులకు స్వభావం ఉందనే అభిధర్మ పండితుల వైపు నుంచి జవాబు ఊహించవచ్చు. దీవీ ఎల్లలూ మారితే మారనివ్వండి, జాతి అన్నది మాత్రం నిజమైన గీత కదా అని వాళ్లు అడుగుతారు. లంకలోని వడ్రంగి పిట్టలు ఈ జవాబును నిలవనివ్వవు. మన పల్లెల్లో తాటిచెట్ల మీద కనిపించే బంగారు వీపు వడ్రంగి పిట్టే దీవి ఉత్తర కొసన కూడా ఉంది. దక్షిణాన ఉన్నదాని వీపు మాత్రం ముదురు ఎరుపు, దాన్ని ఇప్పుడు వేరే జాతిగా, లంక స్థానీయ పక్షిగా లెక్కిస్తున్నారు. రెండూ కలిసే నడిమి ప్రాంతంలో జతకట్టి పిల్లల్ని కంటున్నాయి. ఆ పిల్లల వీపు నారింజ రంగు. నారింజ వీపు పిట్టను చూసినవాడు స్థానీయ పక్షిని చూసినట్టా, చూడనట్టా? గైడు దగ్గర దీనికి జవాబు ఉండదు, శాస్త్రజ్ఞుల దగ్గరా ఒకటే జవాబు ఉండదు. లంక స్థానీయ పక్షుల సంఖ్య ఒకప్పుడు ఇరవై పైచిలుకు, ఇప్పుడు ముప్పై దాటింది. అడవిలో కొత్తగా దొరికినవి ఒకటీ అరా. మిగతా పెరుగుదల అంతా ఉపజాతులను జాతులుగా విడదీయడం వల్ల వచ్చింది. నాగార్జునుడి పరిభాషలో ఇవి ఆధారాలను బట్టి చేసుకున్న ప్రజ్ఞప్తులు, వ్యవహారానికి పనికొచ్చే ఏర్పాట్లు.

రెండో నమ్మకం, అంటే చూసి తెలుసుకున్నామన్నది, ఇంకా బలహీనం. గైడుతో చేసే యాత్రను న్యాయదర్శనం ఎప్పుడో వర్ణించింది. ఉపమాన ప్రమాణానికి నైయాయికులు చెప్పే ఉదాహరణలో ఊరి మనిషికి అడవి మనిషి ఒకడు, గవయం అనే మృగం ఆవులా ఉంటుందని చెబుతాడు. ఊరివాడు అడవికి పోయి ఆవులాంటి జంతువును చూసి, ఇదే గవయం అని గుర్తిస్తాడు. పక్షుల పుస్తకం చంకలో పెట్టుకుని వచ్చిన యాత్రికుడు చేసేదీ అదే. ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, ఆప్తవాక్యం అన్న న్యాయమతపు నాలుగు ప్రమాణాలూ ఒక్క ఉదయంలో అక్కరకొస్తాయి. గైడు పిలుపు విని పక్షి ఫలానా తుప్పలో ఉందని ఊహిస్తాడు. చెయ్యి చూపిస్తాడు. యాత్రికుడికి కదిలిన ఆకు, ఎర్రటి కాలు కనిపిస్తాయి. జాబితాలో మాత్రం లంక జిట్టకోడి చూశాను అని రాసుకుంటాడు.

విగ్రహవ్యావర్తని ఈ ధీమానే పట్టుకుంటుంది. వస్తువును ప్రమాణం నిలబెడితే, ప్రమాణాన్ని నిలబెట్టేది ఏది? ఇంకో ప్రమాణం అంటే ఆ వరసకు అంతు లేదు. వస్తువే అంటే రెండూ ఒకదాన్నొకటి మోసుకుంటున్నాయి. సెరెండిబ్ గుడ్లగూబ చరిత్రలో ఇది కళ్లకు కడుతుంది. 1995లో దీపాల్ వరకగొడ లంక తడి అడవిలో తెలిసిన ఏ గుడ్లగూబదీ కాని పిలుపు విన్నారు. 2001లో ఆ పక్షిని చూశారు. 2004లో అది కొత్త జాతిగా శాస్త్ర ప్రపంచంలో నమోదైంది. పిలుపును నమ్మి పక్షిని వెతికారు, పక్షి కనిపించాక పిలుపు ప్రమాణమైంది. ఇప్పుడు పిలుపు ఒక్కటి వినిపిస్తే చాలు, గైడులు ఆ గుడ్లగూబ ఉందని తేల్చేస్తారు. పరస్పరం ఆధారపడిన ఈ జ్ఞానం అబద్ధమని నాగార్జునుడు అనలేదు. దానికి దేని మీదా ఆధారపడని పునాది ఉందన్న మాటనే కాదన్నాడు.

ఇక తృష్ణ సంగతి. జాబితా నింపుకోవాలన్న ఆత్రం బౌద్ధుడికి కొత్త విషయం కాదు కాబట్టి దాన్ని సాగదీయనక్కర్లేదు. రికార్డు చేసిన కూతను మళ్లీ మళ్లీ వినిపించి పక్షిని బయటికి లాగే పద్ధతి మాత్రం ఆ ఆత్రానికి పరాకాష్ఠ. పోటీగా ఇంకో పుంజు వచ్చిందని భ్రమపడి, మేత మాని, గూడు విడిచి వచ్చే పక్షికి యాత్రికుడి ఆనందం వల్ల ఒరిగేదేమీ లేదు. మంచి గైడు ఆ పని చేయడు.

స్వభావం లేకపోతే కాపాడటానికి ఏముంది అన్న ప్రశ్న మిగిలింది. శూన్యతను లేకపోవడంగా అర్థం చేసుకున్నవాడికి అది చేటు చేస్తుందని నాగార్జునుడు స్వయంగా హెచ్చరించాడు. వ్యవహార సత్యాన్ని ఆశ్రయించకుండా పరమార్థాన్ని చెప్పలేమని కూడా ఆయన మాటే. కడప జిల్లా కలివికోడి ఈ విషయంలో పుస్తకాల కన్నా స్పష్టమైన సాక్ష్యం. చుట్టూ నీరు లేకపోయినా అది దీవి పక్షి లాంటిదే, దాని దీవి లంకమల కొండల చుట్టుపక్కల చిట్టడవి. 1848లో శాస్త్రంలోకి ఎక్కిన ఈ పక్షి 1900 తర్వాత ఎవరికీ కనిపించలేదు, అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో రెడ్డిపల్లె దగ్గర బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్ దాన్ని మళ్లీ వెలుగులోకి తెచ్చారు. ఆ ఊళ్ల వేటగాళ్లకు మాత్రం అది ఎప్పుడూ పోలేదు. రాత్రి పూట కలివి పొదల మధ్య ఖాళీ నేల మీద పరుగెత్తే ఈ పక్షికి పొదలు మరీ ఒత్తుగా పెరిగినా కష్టమే, నరికి చదును చేసినా కష్టమే. దాని కోసం శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది, తెలుగుగంగ కాలువ మార్గం మార్చాల్సి వచ్చింది. అక్కడ కాపాడవలసి వచ్చింది పక్షిని విడిగా కాదు, పొదకూ పొదకూ మధ్య ఎడాన్ని, దాన్ని అలా నిలిపే మేకల మేతను, కంప నరికే చేతిని. పక్షికి సొంత స్వభావం ఉండి ఉంటే బోనులో పెట్టినా సరిపోయేది.

నందికొండకు పక్షుల కోసం వచ్చేవారు లాంచీ ఎక్కి దీవి చూడటం మంచిదే, అక్కడి మ్యూజియం కోసమైనా చూడాలి. పక్షుల కోసమైతే ఒక ఉదయం ఒడ్డునున్న రాతి గుట్టలకు, అటవీ శాఖ అనుమతితో నల్లమల అంచుకు కేటాయించాలి. స్థానిక గైడును వెంట తీసుకెళ్లాలి, కూత రికార్డులు మాత్రం ఇంట్లో వదిలి రావాలి.