సగటు లెక్కయు ధర్మబుద్ధియు

పంక్తిలో నొకనికి రెండు విస్తళ్ల యన్నము వడ్డించి, ప్రక్కవాని విస్తరి వట్టిదిగా నుంచి, తలకొక విస్తరి చొప్పున భోజనము పెట్టితినని చెప్పుకొను గృహస్థుని నెవరును మెచ్చరు. కాని దేశారోగ్యమును గూర్చి యిట్టి మాటయే విన్నపుడు మనము తృప్తులమగుచున్నాము. మరణముల సగటు తగ్గినదని సంతోషించువారు, అది యెవరి యింట తగ్గినది, ఎవరి యింట తగ్గలేదని యడుగుట యరుదు. అడుగకుండుట కేవలము అజ్ఞానమా, లేక దోషమా యని యిచ్చట విచారింప దలచితిమి.

2020వ సంవత్సరమున మన దేశములో సజీవముగా పుట్టిన ప్రతి 1000 మంది శిశువులలో 28 మంది యేడు నిండకుండనే మరణించిరని నమూనా నమోదు పద్ధతి లెక్కలు తెలుపుచున్నవి. ఈ సంఖ్యను విడదీసి చూతము. కేరళమున 6, మధ్యప్రదేశమున 43. పట్టణములలో 19, పల్లెలలో 31. మన తెలుగునాట ఆంధ్రప్రదేశమున 24, తెలంగాణమున 21. ఒకే శాసనము, ఒకే వైద్యశాస్త్రము గల దేశమున నింత యంతర మేల కలిగెను?

ఇది కర్మఫలమని యూరకుండువారు మనలో నున్నారు. కర్మమునకు రాష్ట్రముల పొలిమేరలు తెలియునా? పొలిమేర కీవల పుట్టిన శిశువులందఱు పాపులును, ఆవల పుట్టినవారందఱు పుణ్యాత్ములును కాజాలరు. కారణమున్నచోట కార్యముండుటయు, లేనిచోట లేకుండుటయు చూచి కారణమును నిర్ణయింపవలెనని మన తార్కికులు బోధించిరి. ప్రాంతముల ఆరోగ్యగణాంకములను ప్రక్కప్రక్కన నుంచి చూచుట యా అన్వయవ్యతిరేక విచారమునే ప్రాణరక్షణకు వినియోగించుట. తల్లుల చదువు, త్రాగునీరు, ప్రసవకాలమున నందు వైద్యము ఎచ్చట నెట్లున్నవో సరిపోల్చినచో, విధియని తలచినది చాలవఱకు మన యేర్పాటుల లోపమని తేలును.

ఈ మార్గమును ఇంగ్లండు దేశము మునుపే త్రొక్కినది. 1842లో ఎడ్విన్ చాడ్విక్ ప్రకటించిన నివేదికలో, మరణించినవారి సగటు వయస్సు మాంచెస్టరు కూలికుటుంబములలో 17 ఏండ్లు; ఆ పట్టణపు ధనికకుటుంబములలో 38; రట్లాండు పల్లెసీమ కూలికుటుంబములలోను 38. శిశువు లెక్కువగా నున్నచోట నిట్టి సగటు తనంతట తగ్గును గావున ఆ లెక్క నిర్దుష్టము కాదు. కాని నివాసస్థలమే ప్రాణాంతకము కావచ్చుననుట కది చాలినంత హెచ్చరిక. పిమ్మట విలియం ఫార్ అను గణాంకవేత్త, ఏటేట 1000కి 17 మందికి మించి మరణింపని జిల్లాలను ప్రమాణముగా గైకొని, ఇతర జిల్లాలలో నంతకు మించిన మరణములు సహజములు కావని వాదించెను.

ఇది గణితసూత్రమే కాక ధర్మసూత్రమని మాకు తోచుచున్నది. ఒకచోట సాధ్యమైన రక్షణము మఱియొకచోట లేకున్నచో, ఆ లోటు సమాజము తీర్పవలసిన ఋణము. ఆంధ్రప్రదేశపు 24లో కేరళపు 6 తీసివేయగా మిగులు 18 మంది శిశువుల కొఱకు విధిని నిందించుటకు మన కధికారము లేదు.

రాష్ట్రపు సగటు జిల్లాను కప్పినట్లే, జిల్లా సగటు పల్లెను కప్పును. 1992-93లో ఆరంభమైన జాతీయ కుటుంబారోగ్య సర్వే 2015-16లో గాని జిల్లాల లెక్కలను వేఱుగా ఈయలేదు. శ్రీకాకుళము జిల్లాయందలి ఉద్దానమును చూడుడు. కొబ్బరి, జీడిమామిడి తోటలతో కన్నుల పండువగు నా సీమలో మూత్రపిండముల వ్యాధి యిల్లిల్లు త్రొక్కినది. ఈ సంగతి యచ్చటి కుటుంబములకు ముందే తెలియును. ఊరూర రక్తపరీక్షలు చేసినపిదపనే లోకమునకు తేటపడెను. వ్యాధికారణము నిశ్చయముగా తేలకున్నను, 2023లో పలాసయందు ఆసుపత్రియు, హిరమండలము జలాశయమునుండి త్రాగునీటి పథకమును ప్రారంభింపబడినవి. లెక్కకు వచ్చినవారికి గదా నీరును మందును వచ్చుట!

అంకెలకు హృదయము లేదని కొందఱందురు. నిజమే, కాని మన దయకు కన్నులు రెండే. అది వీథిలో కనబడినవానిని ఆదరించును. కొండగూడెమున మరణించు బాలెంతరాలిని ఎఱుగదు. ఆమె యున్నచోటిని దయకు చూపునది లెక్కయే. మఱి, ఊరికి రోగపుటూరని పేరు పడినచో పెండ్లి సంబంధములు తప్పిపోవునను భయమును త్రోసివేయరానిది. కావున వ్యక్తుల పేళ్లు గోప్యముగా నుండవలెను; ఊరి లెక్క ఊరివారికి తెలియజేయబడవలెను; లెక్కవెంట చికిత్సయు నడువవలెను. రోగులను లెక్కించి విడిచిపోవుట, ఆకలిగొన్నవారిని పంక్తిలో కూర్చుండబెట్టి వడ్డింపక పోవుటవంటిది.

ఇందు గృహస్థులమైన మన పాలును గలదు. 1969వ సంవత్సరపు చట్టము జననమరణములను నమోదు చేయింపవలెనని విధించుచున్నది. అయినను 2020లో నమోదైన మరణములలో వైద్యుడు కారణము ధ్రువపఱచినవి నూటికి 22.5 మాత్రమే. తక్కినవారు ఏల మరణించిరో చెప్పు వైద్యుని వ్రాత లేదు. ఇంటిలో మరణము సంభవించినపుడు దానిని కారణముతో గూడ వ్రాయించుట పొరుగింటి ప్రాణమునకు మనము చేయు సహాయము. గ్రామసభలో మన యూరి శిశుమరణము లెన్ని, పొరుగూరివెన్ని యని యడుగుట పౌరధర్మము. తెలియనంతవఱకు మన యుపేక్ష అజ్ఞానమనిపించుకొనును. తెలిసికొను సాధనము చేతనుండియు అడుగకున్నచో అది దోషమే.