కాపురానికి పొమ్మనే న్యాయం

చట్టంలో సమానత్వం కనబడగానే సంతృప్తిపడే అలవాటు మనలో చాలామందికి ఉన్నది. 1955 హిందూ వివాహ చట్టంలోని 9వ సెక్షను ఆ అలవాటుకు మంచి పరీక్ష. తగిన కారణం లేకుండా భార్య గాని భర్త గాని విడిచిపోతే, తిరిగివచ్చి కాపురం చేయవలసిందని కోర్టు డిక్రీ ఇవ్వవచ్చు. హక్కు ఇద్దరికీ ఒకటే. ఇంకేమి కావాలంటారు కొందరు మిత్రులు.

ఇది మన ధర్మశాస్త్రాల సొత్తు కాదు. ఇంగ్లండులో చర్చి కోర్టుల సృష్టి. బొంబాయి హైకోర్టులో రఖ్మాబాయి కేసు విన్న జడ్జి పిన్హే ఈ మాట 1885లోనే చెప్పాడు. ఇంగ్లండు 1970లో దీనిని రద్దు చేసుకున్నది. మన దగ్గర ఇప్పటికీ ఉన్నది. 16వ శతాబ్దపు జర్మనీలో మతసంస్కరణ తర్వాత ఔగ్స్‌బర్గ్ వంటి నగరాలు పెళ్ళి తగాదాలను చర్చి నుంచి తమ చేతికి తీసుకున్నాయి. వ్యభిచారానికీ పరిత్యాగానికీ విడాకులిచ్చాయి గాని, దెబ్బలు తిన్న భార్యను మాత్రం సాధారణంగా సర్దుకుపొమ్మనే పంపాయి. గద్దె మీద ఫాదిరీ పోయి నగర పెద్ద వచ్చినా ఆమె నడిచే దారి మారలేదు.

1983లో సినీనటి సరిత కేసు ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు వచ్చింది. ఆమెను కాపురానికి రప్పించమని భర్త కడప కోర్టులో దావా వేశాడు. జస్టిస్ పి.ఎ. చౌదరి ఆ సెక్షనునే కొట్టివేశారు. తన శరీరాన్ని గురించి స్త్రీ చేసుకోవలసిన నిర్ణయాన్ని ఈ డిక్రీ రాజ్యం చేతిలో పెడుతుందన్నారు. పేరుకు ఇద్దరిదైనా ఆచరణలో భర్త ఆయుధమన్నారు.

1984లో సుప్రీంకోర్టు సరోజ్ రాణి కేసులో ఈ అభిప్రాయాన్ని త్రోసిపుచ్చింది. కాపురం నిలబెట్టడమే సెక్షను ఉద్దేశమన్నది. అయితే ఆ కేసులో జరిగిందేమిటి? కాపురం కోరి కోర్టుకెక్కింది భార్య. డిక్రీ ఆమెకే వచ్చింది. ఏడాది గడిచాక, కాపురం సాగలేదంటూ ఆ డిక్రీనే చూపి భర్త విడాకులు పొందాడు! స్త్రీకి కూడా ఇదే హక్కున్నదనే వాదానికి ఇంతకు మించిన జవాబు అక్కరలేదు.

మా రొంపిచెర్లలోనైనా, నరసరావుపేట కోర్టులోనైనా నేను అడిగే ప్రశ్న ఒక్కటే: పొమ్మంటున్న ఆ ఇల్లు ఎవరిది? ఆంధ్రప్రదేశ్‌లో ఉమ్మడి ఆస్తిలో కూతురికి సమాన వాటా 1985 సెప్టెంబరు 5 నుంచి వచ్చింది. అప్పటికే పెళ్ళయినవారికి రాలేదు. ఆ అడ్డు తొలగడానికి 2005 కేంద్ర సవరణ దాకా ఆగవలసివచ్చింది. వాటా కాగితం మీద ఉండి చేతికి రాని ఆడపిల్లకు పుట్టిల్లూ తనది కాదు, మెట్టినిల్లూ తనది కాదు. అటువంటి మనిషిని ‘నీ ఇంటికి పో’ అనడం న్యాయం కాదు, బలవంతుడి పక్షం వహించడం.

కాపురం నిలవాలా వద్దా అన్నది ఆ ఇద్దరూ తేల్చుకుంటారు. తలదాచుకునే చోటూ, బ్రతుకు తెరువూ లేక ఏ స్త్రీ తలవంచకుండా చూడడం రాజ్యం పని. ముందు ఆ పని చేయమని మనం అడగాలి.